కుర్ర టీమ్‌లో షాట్లు ఎవరు వేయాలి? 2012 థండర్ మళ్లీ చూశాక వచ్చిన ప్రశ్న

అర్ధరాత్రి_టిప్ఆఫ్
వారం రోజులుగా 2012 ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఫైనల్స్ మళ్లీ చూస్తున్నాను, ఓక్లహోమా సిటీ థండర్, మయామి హీట్. అప్పట్లో నేను థండర్ వైపు. ఓడిన ప్రతిసారీ వెస్ట్‌బ్రూక్‌ని తిట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. వరసగా మూడేళ్లు లీగ్ టాప్ స్కోరర్ అయిన డురాంట్ పక్కనే ఉంటే, 24 సెకన్ల షాట్ గడియారంలో ఇంకా పన్నెండు సెకన్లు ఉండగానే ఇతను లేచి మిడ్‌రేంజ్ (బుట్టకి దూరంగా, త్రీ గీతకి లోపల నుంచి వేసే షాట్) ఎందుకు వేస్తాడని కోపం. ఇప్పుడు చూస్తుంటే విషయం అంత తేలిగ్గా లేదు. డురాంట్‌కి, వెస్ట్‌బ్రూక్‌కి అప్పుడు 23 ఏళ్లు. హార్డెన్‌కి, ఇబాకాకి 22. ఆ వయసులో ఫైనల్స్ దాకా వచ్చారు, నలుగురికీ బంతి కావాలి, నలుగురూ దానికి అర్హులే. ఇలాంటి టీమ్‌కి కోచ్ అయితే షాట్లు ఎలా పంచాలి? బాగా ఆడేవాడికి ఎక్కువ, మిగతావాళ్లకి మిగిలినవి అనేది సరైన లెక్కేనా? ఆడినవాళ్లు, ఆడించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

కేడీ_భక్తుడు
ఇందులో ఆలోచించడానికి ఏముంది, డురాంట్‌కి ఇవ్వాలి. ఆరడుగుల పది అంగుళాల మనిషి, చేతులు ఇంకా పొడుగు, మీద ఇద్దరున్నా షాట్ వేయగలడు. అతని చేతికి బంతి రాకుండా ముగిసిన ప్రతి పొసెషన్ (టీమ్ చేతిలో బంతి ఉన్న ఒక విడత) వృథా.

లెక్కల_గోపి
ఆ సీజన్ సగటు అంకెలు పెడుతున్నా. డురాంట్ మ్యాచ్‌కి 19.7 షాట్లు, 28 పాయింట్లు. వెస్ట్‌బ్రూక్ 19.2 షాట్లు, 23.6 పాయింట్లు. హార్డెన్ 10.1 షాట్లు, 16.8 పాయింట్లు. ఫ్రీ త్రోలు (ఫౌల్‌కి దొరికే షాట్లు) కలిపి చూస్తే షాట్‌కి డురాంట్ 1.42, వెస్ట్‌బ్రూక్ 1.23, హార్డెన్ 1.66 తెచ్చారన్నమాట. లెక్క ప్రకారం ఎక్కువ షాట్లు వేయాల్సింది బెంచ్ మీద నుంచి వచ్చే హార్డెన్! అసలు ప్రశ్న నాకు ఇక్కడే కనిపిస్తోంది, డురాంటా వెస్ట్‌బ్రూకా అన్నది కాదు.

ఎడమచేతి_లేఅప్
గోపీ, 10 షాట్లకి 16.8 వచ్చాయి కాబట్టి 20 వేస్తే 33 వస్తాయని కాదు కదా. ఆ పది అతను ఏరుకుని వేసినవి. తర్వాతి పది వేయాలంటే ఎదురుగా ఉన్న బెస్ట్ డిఫెండర్ మీద, అలసిపోయిన కాళ్లతో, గడియారం అయిపోతుంటే వేయాలి. షాట్లు పెరిగేకొద్దీ ఒక్కో షాట్ విలువ తగ్గుతుంది, ఎవరికైనా అంతే.

లెక్కల_గోపి
ఒప్పుకుంటా, తగ్గుతుంది. కానీ ఎంత తగ్గుతుందనేది మనిషిని బట్టి ఉంటుంది. హార్డెన్‌ని ఆ అక్టోబర్‌లోనే హ్యూస్టన్‌కి ఇచ్చేశారు. అక్కడ మొదటి మ్యాచ్‌లో 37, రెండో మ్యాచ్‌లో 45 కొట్టాడు. సీజన్ సగటు 25.9. అంటే ఆ మనిషిలో అంత సరుకు ఉందని, థండర్‌లో చోటు లేక బయటపడలేదని అర్థం.

కేడీ_భక్తుడు
హార్డెన్ బెంచ్ మీద నుంచి రావడం తప్పేం కాదు. బెంచ్ మీద నుంచి వచ్చేవాళ్లలో బెస్ట్‌కి ఇచ్చే సిక్స్త్ మ్యాన్ అవార్డు ఆ ఏడాది అతనిదే. డురాంట్, వెస్ట్‌బ్రూక్ కూర్చున్నప్పుడు బంతి మొత్తం అతని చేతిలో ఉండేది.

ఆరో_మనిషి
నేనూ అదే చెప్పబోతున్నా. షాట్లు పంచడానికి కోచ్ చేతిలో ఉన్న మంచి మందు అదే, నిమిషాలు పంచడం. ముగ్గురినీ ఒకేసారి కోర్టులో ఉంచి "మీరే సర్దుకోండి" అంటే సర్దుకోరు, ఆ వయసులో అసలు సర్దుకోరు. ఒకరు దిగేటప్పటికి ఇంకొకరు ఎక్కేలా వరస పెడితే 48 నిమిషాల్లో ప్రతివాడికీ తనదైన పది నిమిషాలు దొరుకుతాయి. ఆ పది నిమిషాలు తనవని ముందే తెలిసినవాడు మిగతా ఇరవై నిమిషాల్లో ఆత్రపడడు. నేను ఐదేళ్లు లీగ్ ఆడాను, చిన్న స్థాయిలోనే, కానీ ఇది కళ్లారా చూశాను. మా కోచ్ మ్యాచ్‌కి ముందే ఎవరు ఎప్పుడు దిగుతారో చెప్పేసేవాడు. ఆ సంవత్సరం మా వాళ్లు షాట్ల కోసం ఒక్కసారి కూడా కొట్టుకోలేదు.

నెట్‌చప్పుడు
చివరి ఐదు నిమిషాల సంగతి? అప్పుడు ముగ్గురూ కోర్టులోనే ఉంటారుగా.

ఆరో_మనిషి
అది వేరే కథ, దానికి ముందే మాట అనుకుని ఉండాలి. అనుకోకపోతే గట్టిగా అరిచినవాడిదే బంతి.

రీబౌండ్_రాణి
పైనున్న పోస్టులన్నీ చదివాను. షాట్ వేసినవాడి గురించే మాట్లాడుతున్నారు తప్ప ఆ టైమ్‌లో మిగతా నలుగురు ఏం చేస్తున్నారో ఒక్కరూ అడగలేదు. టిప్ఆఫ్ గారూ, మీరు మళ్లీ చూస్తున్నారు కదా, ఈసారి బంతిని వదిలేసి మిగతావాళ్ల కాళ్లు చూడండి. ఆ సీజన్ థండర్ అసిస్టుల్లో (పక్కవాడు బుట్టలో వేసేలా ఇచ్చిన పాస్‌లు) లీగ్‌లో అట్టడుగున ఉంది, మ్యాచ్‌కి 18.5. అలా ఉండి కూడా అటాక్‌లో పైవరసలోనే ఉన్నారు, ఎందుకంటే ముగ్గురు ఒంటరిగా షాట్ సృష్టించుకోగల మొనగాళ్లు. బంతి వెస్ట్‌బ్రూక్ దగ్గర ఉంటే నలుగురు నిలబడి చూస్తారు, డురాంట్ దగ్గర ఉంటే ఇంకో నలుగురు నిలబడి చూస్తారు. అలాంటప్పుడు వేసిన షాట్ చెడ్డదైతే తప్పు వేసినవాడి ఒక్కడిదేనా?

దానికి పూర్తిగా ఉల్టాగా జరిగిన మ్యాచ్ కూడా ఆ టీమ్‌దే ఉంది. అదే ఏడాది వెస్ట్ కాన్ఫరెన్స్ ఫైనల్స్‌లో శాన్ ఆంటోనియో స్పర్స్ మీద. వరసగా 20 మ్యాచ్‌లు గెలిచిన స్పర్స్ 2-0తో ముందుంది. అక్కడి నుంచి థండర్ నాలుగు వరసగా గెలిచింది. నాలుగో మ్యాచ్‌లో ఇబాకా 11 షాట్లు వేస్తే 11 పడ్డాయి, 26 పాయింట్లు. ఇబాకా ఆ రాత్రి ఒక్కసారిగా పెద్ద స్కోరర్ అయిపోలేదు. స్పర్స్ పొడుగు ఆటగాళ్లు మన వాళ్లని ఆపడానికి ముందుకొస్తే వెనక ఖాళీ వచ్చింది, బంతి ఆ ఖాళీలోకి వెళ్లింది, అతను ఆలోచించకుండా వేశాడు. మళ్లీ అదే మ్యాచ్ నాలుగో క్వార్టర్‌లో డురాంట్ ఒక్కడే 18 కొట్టాడు. మూడు క్వార్టర్లు పంచుకున్నారు కాబట్టే నాలుగోదాంట్లో డురాంట్‌కి అంత చోటు దొరికిందని నా నమ్మకం.

శ్రావ్య_హూప్స్
రాణి గారి పోస్ట్‌కి వంద లైకులు.

అర్ధరాత్రి_టిప్ఆఫ్
రాణి గారూ, నిజంగా అలా చూడలేదు. బంతి వెంటే కళ్లు పోతాయి. ఈరోజు రాత్రి మీరు చెప్పినట్టు చూస్తాను. కానీ ఒక సందేహం. ఫైనల్స్ నాలుగో మ్యాచ్‌లో వెస్ట్‌బ్రూక్ 32 షాట్లు వేసి 20 పడేశాడు, 43 పాయింట్లు. అయినా ఓడారు. ఐదో మ్యాచ్‌లో 20 వేస్తే 4 పడ్డాయి. అదే మనిషి, అదే ప్రత్యర్థి, మధ్యలో ఒక్క మ్యాచ్ కూడా లేదు. మొదటిదాంట్లో హీరో, రెండోదాంట్లో దోషి. షాట్లు వేరేవా, పడటమే వేరేనా?

జూనియర్స్_కోచ్
చాలా మంచి ప్రశ్న. దీనికి మా దగ్గర ఒక పద్ధతి ఉంది, వివరంగా రాస్తాను, కాస్త పొడుగవుతుంది.

నేను పదిహేడు పద్దెనిమిదేళ్ల పిల్లలకి కోచింగ్ ఇస్తాను. వాళ్లలో కొందరు తర్వాత ప్రొఫెషనల్ టీమ్‌లకి వెళ్లారు. మొదట్లో నేనూ షాట్ పడితే చప్పట్లు, పడకపోతే అరుపులు. ఒక పిల్లవాడు కార్నర్‌లో పూర్తి ఖాళీగా ఉండి త్రీ (గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) వేశాడు, పడలేదు, నేను వెంటనే బయటికి పిలిచేశాను. ఆ తర్వాత నెల రోజులు వాడు ఖాళీగా ఉన్నా బంతి వేయలేదు, పక్కవాడికి ఇచ్చేసేవాడు. ఆ పక్కవాడి మీద డిఫెండర్ ఉండేవాడు. నా ఒక్క అరుపు వల్ల టీమ్‌లో ఒక మంచి షాట్ చచ్చిపోయి దాని బదులు ఒక చెడ్డ షాట్ పుట్టింది. ఇది నాకు అర్థమయ్యేసరికి సగం సీజన్ అయిపోయింది.

అప్పటి నుంచి వీడియో చూసేటప్పుడు బంతి చేతి నుంచి విడిచే క్షణంలో ఆపేస్తాం. పడిందో లేదో చూపించను. పిల్లలే మార్కు వేయాలి. ఎదురుగా డిఫెండర్ ఎంత దూరంలో ఉన్నాడు, కాళ్లు సరిగ్గా ఉన్నాయా, గడియారంలో ఎంత ఉంది, ఇంకొకడు ఇంతకంటే ఖాళీగా ఉన్నాడా, ఇవి చూసి మూడుకి ఎన్ని అని. మొదటి వారం గొడవలే గొడవలు. ప్రతివాడూ తన షాట్‌కి మూడు, ఎదుటివాడిదానికి ఒకటి. నెల తిరిగేసరికి వాళ్ల మార్కులు ఒకదానికొకటి దగ్గరికొచ్చాయి. మంచి షాట్ అంటే ఏమిటో పన్నెండుమందికీ ఒకే బొమ్మ కళ్లముందు ఉంటే, పంపకం గురించి కోచ్ పెద్దగా మాట్లాడాల్సిన పని ఉండదు. టిప్ఆఫ్ గారూ, వెస్ట్‌బ్రూక్ 32 షాట్లూ 20 షాట్లూ అలా ఆపి ఆపి చూడండి, ఫలితం చూడకుండా.

పాత_పాయింట్‌గార్డ్
కోచ్ గారూ, ఆ కార్నర్ పిల్లవాడి మాట చదివి నాకు నా కథ గుర్తొచ్చింది. నాకూ అచ్చం ఇలాగే జరిగింది, ఊరూ పేరూ వద్దు. కొత్తగా టీమ్‌లో చేరాను, ఇద్దరు సీనియర్లు, ముగ్గురు నాలాంటి కుర్రాళ్లు. మొదటి ట్రెయినింగ్‌లోనే కోచ్ అందరి ముందూ "నువ్వు షాట్ వేయకు, బంతి తెచ్చి ఇవ్వు చాలు" అన్నాడు. సరే అనుకున్నా. రెండు వారాల్లో ఎదుటి టీమ్‌లన్నింటికీ సంగతి తెలిసిపోయింది. నా డిఫెండర్ నన్ను వదిలేసి పెయింట్‌లో (బుట్ట ముందున్న రంగు వేసిన చోట) నిలబడేవాడు. మా సెంటర్‌కి ఇద్దరు, ఒక్కోసారి ముగ్గురు. వాడు వచ్చి నన్నే తిట్టేవాడు, "నువ్వు వేస్తే కదా నాకు ఊపిరి ఆడేది" అని. షాట్ వేయకపోవడం వినయం అనుకున్నాను నేను. అది పక్కవాడి నెత్తిన బరువు పెట్టడమని ఆ సెంటర్ మాటతోనే తెలిసింది.

కార్నర్_త్రీ
దీనికి ఎన్‌బీఏలో పెద్ద ఉదాహరణ జాష్ గిడ్డీ. 2024 ప్లేఆఫ్స్‌లో డల్లాస్ అతన్ని బయట ఖాళీగా వదిలేసి మిగతావాళ్ల మీద పడింది. చివరికి థండర్ అతన్ని స్టార్టింగ్ ఫైవ్ నుంచి తీసేయాల్సి వచ్చింది, ఆ వేసవిలోనే చికాగోకి ఇచ్చి అలెక్స్ కరూసోని తెచ్చుకున్నారు. గిడ్డీ మంచి ఆటగాడే, పాస్ అద్భుతం. కానీ బంతి చేతిలో ఉంటేనే అతని విలువ, అక్కడ బంతి ఆల్రెడీ షే గిల్జియస్-అలెగ్జాండర్‌కీ, జేలన్ విలియమ్స్‌కీ కావాలి.

కేడీ_భక్తుడు
అంటే మీరే ఒప్పుకున్నట్టు కదా, బంతి ఎవరిదో తేల్చేశారు కాబట్టే 2025లో టైటిల్ వచ్చింది. షే 32.7 పాయింట్లు, మ్యాచ్‌కి దాదాపు 22 షాట్లు. టీమ్‌లో ఇంకెవ్వరూ దగ్గర్లో లేరు. 68 మ్యాచ్‌లు గెలిచారు. ఒక రాజు, మిగతావాళ్లు సైన్యం.

రీబౌండ్_రాణి
రాజూ సైన్యమూ కాదండీ. ఫైనల్స్ చూడండి. ఇండియానాతో నాలుగో మ్యాచ్, ఓడితే 3-1 అయిపోతుంది. షే 35 కొట్టాడు, అందులో 15 చివరి ఐదు నిమిషాల్లోపే, అసిస్టులు సున్నా. సున్నా! ఆ రాత్రి ఎవరైనా స్వార్థం అన్నారా? తర్వాతి మ్యాచ్‌లో జేలన్ విలియమ్స్ 40, షే 31, పది అసిస్టులు. ఏడో మ్యాచ్‌లో షే 29, పన్నెండు అసిస్టులు. ఆట ఏం అడిగితే అది ఇచ్చాడు. 2012 వాళ్లకి లేనిది ఇదే అనిపిస్తుంది. టాలెంట్‌లో వాళ్లేం తక్కువ కాదు, రాత్రికి రాత్రి పాత్ర మార్చుకోవడం ఆ వయసులో వాళ్లకి రాలేదు.

ఎడమచేతి_లేఅప్
వయసు సాకు కాదు రాణి గారూ. 2025 థండర్ కూడా కుర్రాళ్లే, 1977 పోర్ట్‌లాండ్ తర్వాత అంత తక్కువ సగటు వయసుతో ఎవరూ గెలవలేదు.

రీబౌండ్_రాణి
నిజమే, ఆ మాట వెనక్కి తీసుకుంటా. వయసు కాదు, అలవాటు. ఆ టీమ్‌కి పాస్ అలవాటు ఓడిపోయే రోజుల్లోనే అయింది, గెలవడం తర్వాత నేర్చుకున్నారు.

శ్రావ్య_హూప్స్
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? డ్రాఫ్ట్ (టీమ్‌లు వరసగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే పద్ధతి) మొదటి రౌండ్‌లో వచ్చిన కుర్రాడికి జీతం ఎన్నో నంబర్లో ఎంపికయ్యాడన్నదాన్ని బట్టి ముందే నిర్ణయమైపోయి ఉంటుంది. మూడో సీజన్ అవ్వగానే పెద్ద కాంట్రాక్టు మాటలు మొదలవుతాయి. ఆల్-ఎన్‌బీఏ (సీజన్‌లో బెస్ట్ ఆటగాళ్ల జాబితా) లాంటి గుర్తింపు వస్తే జీతం పరిమితి శాలరీ క్యాప్‌లో (టీమ్ మొత్తం జీతాలకి లీగ్ పెట్టే హద్దు) 25 శాతం నుంచి 30 శాతానికి పెరుగుతుంది. ఆ గుర్తింపు ఎవరికి వస్తుంది? స్క్రీన్ (పక్కవాడి డిఫెండర్‌కి అడ్డం నిలబడటం) బాగా పెట్టినవాడికా, 25 పాయింట్లు కొట్టినవాడికా? ఇంట్లో వాళ్లంతా తన మీద ఆధారపడ్డ ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడిని "ఆ షాట్ పక్కవాడికి ఇవ్వు" అంటున్నామంటే ఏం అడుగుతున్నామో ఆలోచించండి. హార్డెన్ విడిపోయింది కూడా కాంట్రాక్టు దగ్గరే, నాలుగేళ్లకి నాలుగైదు మిలియన్ డాలర్ల తేడా మీద.

పాత_పాయింట్‌గార్డ్
డబ్బు ఉంది, కాదనను. కానీ ఆడేటప్పుడు బుర్రలో డబ్బు ఉండదమ్మా. ఉండేది భయం. రెండు నిమిషాలుగా బంతి ముట్టుకోలేదు, ఇప్పుడు వచ్చింది, మళ్లీ ఎప్పుడొస్తుందో తెలీదు. అందుకే వేసేస్తాడు. చెడ్డ షాట్లలో సగం ఈ భయం లోంచి వచ్చేవే. మళ్లీ వస్తుందన్న నమ్మకం ఉంటే ఇచ్చేస్తాడు.

నెట్‌చప్పుడు
వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫర్వాలేదు అంటారు చూడండి, అది బాస్కెట్‌బాల్ సామెత అని ఇవాళే తెలిసింది. బంతి అన్న మాట కూడా అందులోనే ఉంది!

శ్రావ్య_హూప్స్
😄 ఈ థ్రెడ్‌కి అదే పేరు పెట్టాల్సింది.

జూనియర్స్_కోచ్
నవ్వుకున్నా గానీ అది నిజంగా పాయింట్ గార్డ్ పాఠం. వడ్డించేవాడు లేని కుర్ర టీమ్ ఎలా ఉంటుందో స్పర్స్ చూపించింది. 2023-24లో వెంబన్యామ మొదటి సీజన్, మొదట్లో సోచన్‌ని పాయింట్ గార్డ్‌గా ఆడించారు. సోచన్ ఫార్వర్డ్, కష్టపడ్డాడు కానీ అది అతని పని కాదు. ఏడడుగుల పైన ఉన్న వెంబన్యామ రిమ్ (బుట్ట) దగ్గర చెయ్యెత్తి నిలబడితే బంతి అక్కడికి చేరేది కాదు, విసుగొచ్చి అతనే బయటికొచ్చి త్రీలు వేసేవాడు. చూసేవాళ్లు వెంబన్యామ షాట్లు బాగా ఎంచుకోవడం లేదన్నారు. జనవరిలో ట్రే జోన్స్‌ని స్టార్టర్ చేశారు. అతను పెద్ద స్టార్ కాదు, వేళకి బంతి అందించేవాడు, అంతే. రిమ్ దగ్గర షాట్లు వాటంతటవే పెరిగాయి. షాట్ ఎంపిక అనేది చాలాసార్లు దానికి ముందున్న పాస్ ఎంపిక.

కార్నర్_త్రీ
హ్యూస్టన్ కూడా అంతే. 2022-23లో 22 గెలుపులు, జేలన్ గ్రీన్, కెవిన్ పోర్టర్, షెంగూన్, ఎవరికి వాళ్లే. తర్వాతి ఏడాది ఉడోకా కోచ్‌గా వచ్చాడు, ఫ్రెడ్ వాన్‌వ్లీట్‌కి మూడేళ్లకి దాదాపు 130 మిలియన్లు ఇచ్చి తెచ్చారు. అంత ఎందుకని అందరం అడిగాం. 41 గెలుపులు వచ్చాయి, ఆ మరుసటి ఏడు 52. వాన్‌వ్లీట్ షూటింగ్ శాతం గొప్పదేం కాదు. కానీ టీమ్‌లో ఒక పెద్దమనిషి కూర్చున్నట్టు అయింది. పొసెషన్ మొదట్లోనే పిచ్చి షాట్ వేస్తే ఆ ముఖంలోకి చూడాల్సి వస్తుంది.

ఎడమచేతి_లేఅప్
సరే కానీ అదే హ్యూస్టన్ 2025 ప్లేఆఫ్స్‌లో మొదటి రౌండ్‌లోనే గోల్డెన్ స్టేట్ వారియర్స్‌తో ఏడు మ్యాచ్‌లాడి ఓడింది, చివరి నిమిషాల్లో షాట్ తెచ్చేవాడు లేక. జేలన్ గ్రీన్ ఒక మ్యాచ్‌లో 38 కొట్టాడు, మిగతా మ్యాచ్‌ల్లో కనపడలేదు. వేసవిలో అతన్నీ డిల్లన్ బ్రూక్స్‌నీ ఫీనిక్స్‌కి ఇచ్చి డురాంట్‌ని తెచ్చారు. పంపకం ఎంత బాగున్నా చివర్లో గడియారంలో నాలుగు సెకన్లు ఉన్నప్పుడు ఒకడు కావాలి. పదిమంది చేతిలో పడ్డ పాము చావదు. అందరూ మంచివాళ్లై ఒకరికొకరు ఇచ్చుకుంటూ కూర్చుంటే 24 సెకన్లు అయిపోయి హారన్ మోగుతుంది.

కేడీ_భక్తుడు
చూశారా, చివరికి అందరూ డురాంట్ దగ్గరికే రావాలి 🙂

లెక్కల_గోపి
ఆ నాలుగు సెకన్ల మాట ముఖ్యమైనది. షాట్లు ఎంతమంది ఎన్ని వేశారని లెక్కపెట్టడం కంటే ఏ టైమ్‌లో వేశారని లెక్కపెట్టాలి. త్రీ 36 శాతం పడితే షాట్‌కి 1.08. మీద మనిషి ఉన్న లాంగ్ టూ (దూరం నుంచి వేసే రెండు పాయింట్ల షాట్) 40 శాతం పడితే 0.80. రెండు ఫ్రీ త్రోలు 80 శాతం షూటర్‌కి 1.6. గడియారంలో 15 సెకన్లు ఉండగా 0.80 షాట్ వేస్తే తప్పు, ఇంకా మంచిది దొరుకుతుంది కాబట్టి. 2 సెకన్లు ఉన్నప్పుడు అదే 0.80 షాట్ బంగారం, ఎందుకంటే వేయకపోతే సున్నా. స్టార్ల శాతం తక్కువగా కనిపించడానికి ఇదొక కారణం, పక్కవాళ్లు చివర్లో బంతి తెచ్చి వాళ్ల చేతిలో పడేసి తప్పుకుంటారు. టిప్ఆఫ్ గారు మొదట రాసిన కంప్లైంట్ సరైనదే, పన్నెండు సెకన్లు ఉండగా మిడ్‌రేంజ్ వేస్తే అడగాలి. నాలుగు సెకన్లప్పుడు వేసినదాన్ని కూడా అదే గంపలో వేసి తిట్టకూడదు.

ఆరో_మనిషి
గోపీ, ఇది మాత్రం అదిరింది.

నెట్‌చప్పుడు
2014లో స్టీవ్ కర్ వారియర్స్‌కి కోచ్‌గా వచ్చినప్పుడు ఏం చేశాడో గుర్తుందా? అంతకు ముందు ఏడాది 51 మ్యాచ్‌లు గెలిచిన టీమ్, కానీ లీగ్‌లో అందరికంటే తక్కువ పాస్‌లు వేసిన టీమ్ కూడా అదే. మ్యాచ్‌కి 300 పాస్‌లు అని లక్ష్యం పెట్టాడు. షాట్లు ఎవరికి ఎన్ని అని అనలేదు, పాస్‌లు లెక్కపెట్టాడు. ఆ ఏడు 67 గెలుపులు, టైటిల్. ఈగ్వదాలా అంతకుముందు కెరీర్ మొత్తం స్టార్టర్, బెంచ్ మీద కూర్చోమంటే కూర్చున్నాడు, ఫైనల్స్ ఎమ్‌వీపీ (బెస్ట్ ప్లేయర్) అయ్యాడు.

ఎడమచేతి_లేఅప్
పాస్ కోసం పాస్ వేస్తే లాభం లేదు. అదే టీమ్‌లో ఆ జనవరిలో క్లే థాంప్సన్ ఒక్క క్వార్టర్‌లో 37 కొట్టాడు, 13కి 13. అప్పుడు పంపకం గురించి ఎవరూ ఆలోచించలేదు, బంతి దొరికితే క్లేకి, అంతే.

నెట్‌చప్పుడు
అదే కదా అందం. మిగతా నలుగురూ సంతోషంగా ఇచ్చారు, టీమ్ స్టార్ స్టెఫ్ కరీతో సహా. ఇంకో సంగతి, క్లే 2016 డిసెంబర్‌లో ఇండియానా మీద 29 నిమిషాల్లో 60 కొట్టాడు, మొత్తం మ్యాచ్‌లో వేసిన డ్రిబుల్స్ పదకొండు. పదకొండే! అరవై పాయింట్లు కొట్టి కూడా పక్కవాడి బంతి లాక్కోలేదు. ఎక్కువ షాట్లు వేయడం వేరు, బంతి ఎక్కువసేపు పట్టుకోవడం వేరు. టీమ్‌లో చిరాకు పుట్టించేది రెండోదే. కుర్రాళ్లకి ముందు నేర్పాల్సింది ఇది.

జూనియర్స్_కోచ్
ఇది ట్రెయినింగ్‌లో నేర్పొచ్చు. డ్రిబుల్ లేకుండా ఐదుగురు ఐదుగురితో ఆడించండి. మొదటి రోజు నరకంలా ఉంటుంది. మూడో రోజుకి బంతి లేనివాళ్లు పరిగెత్తడం మొదలుపెడతారు, వేరే దారి లేదు కాబట్టి. తర్వాత రెండు డ్రిబుల్స్ ఇవ్వండి, రాజభోగంలా ఫీలవుతారు. బంతి వచ్చాక అర సెకనులో షాటా, పాసా, డ్రైవా తేల్చేయాలన్న స్పర్స్ అలవాటు కూడా ఇలాంటిదే. 2014లో వాళ్లు టైటిల్ గెలిచినప్పుడు రెగ్యులర్ సీజన్‌లో ఒక్కడు కూడా సగటున 30 నిమిషాలు ఆడలేదు.

పాత_పాయింట్‌గార్డ్
వాళ్లు కుర్రాళ్లు కాదు కోచ్ గారూ, డంకన్‌కి అప్పటికే 38.

జూనియర్స్_కోచ్
అవును, పద్ధతి కోసం చెప్పాను. ముసలివాళ్లకి పద్ధతి సుఖం, కుర్రాళ్లకి శిక్షలా అనిపిస్తుంది. తేడా ఉంది.

ఆరో_మనిషి
ఇంకోటి. చెడ్డ షాట్లు వేసినవాడిని బెంచ్ మీద కూర్చోబెడితే? 2011 ప్లేఆఫ్స్‌లో డల్లాస్‌తో రెండో మ్యాచ్, థండర్ కోచ్ స్కాట్ బ్రూక్స్ నాలుగో క్వార్టర్ అంతా వెస్ట్‌బ్రూక్‌ని కూర్చోబెట్టి ఎరిక్ మేనర్‌తో ఆడించాడు, గెలిచారు. అంతకు కొద్ది రోజుల ముందే మెంఫిస్‌తో మూడు ఓవర్‌టైమ్‌ల మ్యాచ్‌లో వెస్ట్‌బ్రూక్ 33 షాట్లు వేసి 40 కొట్టాడు, గెలిచినా తిట్లు తిన్నాడు. కూర్చోబెట్టడం పనిచేస్తుందా?

శ్రావ్య_హూప్స్
ఒక్క రాత్రికి పనిచేసింది, ఆ సిరీస్ 4-1తో పోయింది.

పాత_పాయింట్‌గార్డ్
కూర్చోబెట్టడం కాదు ముఖ్యం, కూర్చోబెట్టాక పక్కకొచ్చి ఏం చెప్పారన్నది. నన్ను కూర్చోబెట్టిన ఆయన ఒక్క ముక్క చెప్పలేదు. వారం తర్వాత నేనే వెళ్లి అడిగితే "నీకే తెలియాలి" అన్నాడు. తెలియలేదు. ఇన్నేళ్లైనా ఏ షాట్‌కి కూర్చోబెట్టాడో తెలియదు.

రీబౌండ్_రాణి
ఇది చదువుతుంటే బాధేసింది అన్నా.

అర్ధరాత్రి_టిప్ఆఫ్
ఇంత వస్తుందని అనుకోలేదు, అందరికీ థాంక్స్. పాత_పాయింట్‌గార్డ్ అన్న రాసిన భయం మాట బుర్రలోంచి పోవడం లేదు. పన్నెండేళ్లకి పైగా వెస్ట్‌బ్రూక్‌ది అహంకారం అనుకున్నాను, అది కాకపోవచ్చని మొదటిసారి అనిపిస్తోంది. కేడీ_భక్తుడు బ్రో, నీతో ఇంకా ఏకీభవించను 🙂

ఈ రాత్రి నాలుగో మ్యాచ్ కోచ్ గారి పద్ధతిలో చూస్తాను. బంతి విడిచినప్పుడు ఆపి, మార్కు రాసుకుని, అప్పుడు ముందుకి. వెస్ట్‌బ్రూక్ 32 షాట్లూ. ఎవరైనా తోడు వస్తారా? ఇద్దరం వేరువేరుగా వేస్తే పోల్చి చూడొచ్చు.

లెక్కల_గోపి
నేనున్నా. గడియారంలో ఎన్ని సెకన్లు ఉన్నాయో కూడా పక్కన రాయి.

రీబౌండ్_రాణి
నేను షాట్ మార్కులు వేయను, మిగతా నలుగురికి వేస్తా. ఎవరు కదిలారు, ఎవరు నిలబడ్డారు అని.

కేడీ_భక్తుడు
నేనూ వస్తా. డురాంట్ ఎన్నిసార్లు ఖాళీగా ఉన్నాడో లెక్కపెట్టడానికి.

జూనియర్స్_కోచ్
అందరూ మార్కులు పెట్టేదాకా ఎవరూ ఎవరిదీ చూడొద్దు. చూస్తే రెండోవాడి మార్కు మారిపోతుంది, మా పిల్లల దగ్గర ప్రతిసారీ అదే అవుతుంది.